ఓడిన బౌట్ మీద పోట్లాడాలా, వదిలేసి ఇంకో బౌట్ చూసుకోవాలా?

బోయిన్‌పల్లి_మామ
మా మేనల్లుడు పదో తరగతి. ఏడాదికి పైగా బాక్సింగ్ నేర్చుకుంటున్నాడు. ఈమధ్య ఒక జూనియర్ సెలక్షన్ టోర్నీలో తొలి బౌట్‌లోనే (అంటే తొలి పోటీలోనే) 3-2తో ఓడిపోయాడు, అయిదుగురు జడ్జీల్లో ముగ్గురు అవతలివాడికి ఇచ్చారు. మొదటి రెండు రౌండ్లూ మావాడివేనని అవతలి కార్నర్ వాళ్లే ఒప్పుకున్నారు. రెండో రౌండ్ చివర్లో కాలు జారి తాళ్ల మీద పడితే రిఫరీ ఎనిమిది దాకా లెక్కపెట్టాడు. మూడో రౌండ్‌లో అవతలివాణ్ని చేతులతో పట్టుకుంటున్నావని వార్నింగ్ ఇచ్చాడు. అవతలివాడూ అంతే పట్టుకున్నాడు, వాడికేమీ లేదు. రాసి ఫిర్యాదు ఇద్దామని నేనంటే కోచ్ వద్దన్నాడు. "ఇదంతా ఎక్స్‌పీరియెన్స్ సార్, ఇంకో పది పదిహేను బౌట్లు ఆడనివ్వండి" అంటాడు. పిల్లాడేమో అప్పటి నుంచి గ్లౌజులు ముట్టుకోవట్లేదు. మా అక్కకి ఇదే సందు దొరికింది, బుద్ధిగా చదువుకోమంటోంది. అన్యాయం జరిగిందని తెలిసి కూడా నోరు మూసుకోమని నేర్పడం ఎక్స్‌పీరియెన్సా? ఇక్కడ రింగ్ తెలిసినవాళ్లున్నారు కదా, చెప్పండి.

కార్నర్_స్టూల్
అన్నా, నేను కోచింగ్‌లోనే ఉన్నాను కాబట్టి మీ కోచ్ పక్షం అనుకుంటారేమో. అయినా ముందు లెక్క చూద్దాం. మిమ్మల్ని ఓడించింది ఆ ఎనిమిది కౌంట్ కాదు, ఆ వార్నింగ్. అమెచ్యూర్ బాక్సింగ్‌లో కౌంట్ పడినంత మాత్రాన పాయింట్ పోదు. వార్నింగ్ పడితే మాత్రం పోతుంది, అదీ అయిదుగురు జడ్జీల కార్డుల్లోనూ ఒక్కొక్కటి. రౌండ్ గెలిచినవాడికి 10, ఓడినవాడికి మామూలుగా 9. మీవాడు రెండు రౌండ్లు గెలిచాడని ముగ్గురు జడ్జీలు అనుకున్నారనుకోండి, వాళ్ల కార్డు 29-28. వార్నింగ్‌తో అది 28-28. సమానమైతే ఎవరు మెరుగో ఆ జడ్జి తేల్చాలి. అప్పుడే కౌంట్ తిని, వార్నింగ్ కూడా తిన్న కుర్రాడి వైపు ఎవరు మొగ్గుతారు? మిగతా ఇద్దరూ మూడు రౌండ్లూ ఇచ్చి ఉంటే 29-27, అది నిలబడింది. 3-2 అలా వచ్చి ఉంటుంది. రెండు రౌండ్లు మీవే కావచ్చు, బౌట్ మాత్రం పోయింది. రెండూ నిజమే.

టోక్యో ఒలింపిక్స్‌లో మేరీ కోమ్‌కి జరిగిందీ ఇలాంటిదే. కొలంబియా అమ్మాయి ఇంగ్రిత్ వాలెన్సియా మీద రెండో రౌండ్, మూడో రౌండ్ 3-2తో మేరీవే. కానీ మొదటి రౌండ్ 4-1తో పోయింది. ఒక్కో జడ్జి కార్డు విడిగా కూడితే 3-2తో బౌట్ కొలంబియాది. రింగ్ దిగాక కూడా తానే గెలిచానని మేరీ అనుకుంది. ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన మనిషే అనుకుంటే మీరూ మేమూ ఎంత.

లాయర్_బాబాయ్
లెక్క బాగుంది. అసలు ప్రశ్న పక్కకు పోయింది. ఇద్దరూ పట్టుకుంటుంటే ఒక్కడికే వార్నింగ్ ఎందుకు? దానికి జవాబు అడగడం తప్పా?

ఈ ఆటలో మార్పు వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు గొడవ చేశారు కాబట్టే వచ్చింది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో అమెరికా బాక్సర్ రాయ్ జోన్స్ 86 దెబ్బలు కొట్టి, 32 కొట్టిన కొరియా కుర్రాడి చేతిలో 3-2తో ఓడాడు. లోకమంతా తిట్టింది కాబట్టే 1992 బార్సిలోనాకి బటన్ నొక్కే కంప్యూటర్ స్కోరింగ్ తెచ్చారు. 2016 రియో ఒలింపిక్స్‌లో తీర్పు నచ్చక ఐర్లాండ్ బాక్సర్ మైకేల్ కాన్లన్ కెమెరాల ముందే జడ్జీలకి వేళ్లు చూపించాడు. సంస్కారం కాదు, ఒప్పుకుంటాను. కానీ తర్వాత ఏమైంది? రియోలో పనిచేసిన 36 మంది రిఫరీలనీ జడ్జీలనీ పక్కన పెట్టారు. 2021లో దీనిమీద విచారణ జరిపిన మెక్‌లారెన్ రిపోర్టు వచ్చింది, తీర్పుల్ని ముందే అటూ ఇటూ చేశారని తేల్చింది. నోరు మూసుకుని ఉంటే ఇవన్నీ బయటికి వచ్చేవా?

కార్నర్_స్టూల్
వచ్చేవి కావు బాబాయ్. అయితే మీరు చెప్పిన వాటిలో ఎవరికి వాళ్ల బౌట్ తిరిగొచ్చింది? జోన్స్‌కి గోల్డ్ అధికారికంగా ఇప్పటికీ ఇవ్వలేదు. కాన్లన్ ప్రొఫెషనల్‌కి వెళ్లిపోయాడు. మన బాక్సర్ సరితా దేవిని చూడండి. 2014 ఇంచియాన్ ఏషియన్ గేమ్స్ సెమీస్‌లో కొరియా అమ్మాయి చేతిలో ఓడినట్టు ప్రకటించారు. ఆమె పోడియం మీద ఏడుస్తూ కంచు పతకం వద్దని ఆ అమ్మాయికే ఇచ్చేసింది. దేశమంతా ఆమె వైపే ఉంది. చివరికి వచ్చింది ఏడాది సస్పెన్షన్.

లాయర్_బాబాయ్
ఫిర్యాదుతో బౌట్ తిరగబడిన సందర్భాలు లేవనకండి. 2012 లండన్ ఒలింపిక్స్, మన బాక్సర్ వికాస్ కృషన్.

కార్నర్_స్టూల్
ఆ పేరు మీరే తెచ్చారు కదా, మిగతాది నేను చెప్తా. వికాస్ 13-11తో గెలిచాడని ప్రకటించారు. అమెరికా వాళ్లు ప్రొటెస్ట్ వేశారు. వీడియో చూసి వాళ్ల బాక్సర్ ఎర్రల్ స్పెన్స్‌ని 15-13తో గెలిపించారు. కారణమేంటో తెలుసా? మూడో రౌండ్‌లో మనవాడు తొమ్మిదిసార్లు పట్టుకున్నా రిఫరీ వార్నింగ్ ఇవ్వలేదని, రెండో రౌండ్‌లో మౌత్‌పీస్ కావాలనే ఉమ్మేశాడని. అంటే ప్రొటెస్ట్ పనిచేసింది, పట్టుకున్నవాడికే ఎదురు తిరిగింది. మామ గారి మేనల్లుడిది కూడా పట్టుకున్న కేసే. వీడియో తెరిచి చూద్దామంటే ముందు మీ సొంత వీడియో మీరు చూసుకోండి.

బోయిన్‌పల్లి_మామ
వీడియో ఉంది, ఫోన్‌లో తీశాను. ఆవేశంలో ఇప్పటిదాకా రెండో రౌండే తిప్పి తిప్పి చూస్తున్నా. మూడోది ఇంకా సరిగ్గా చూడలేదు.

తెల్ల_చొక్కా
నేను జిల్లా, రాష్ట్ర స్థాయి టోర్నీల్లో జడ్జిగా కూర్చుంటాను. రింగ్ లోపల ఉండేవాళ్లని తిట్టేముందు ఒకటి తెలుసుకోండి: రిఫరీ పాయింట్లు వేయడు. ఆయన పని పిల్లల్ని కాపాడటం, రూల్ నడిపించడం. పాయింట్లు వేసేది చుట్టూ కూర్చున్న మేం. ఒక్కొక్కరం ఒక్కో చోట. నా వైపు రిఫరీ వీపు అడ్డం వస్తే ఆ క్షణం పడిన దెబ్బ నాకు కనిపించదు, ఎదుటి జడ్జికి కనిపిస్తుంది. అందుకే అయిదుగురు.

మాకు కావలసింది గ్లౌజు ముందు భాగంతో, పిడికిలి వేళ్ల కణుపుల దగ్గర, బెల్ట్ పైన పొట్టకో ముఖానికో శుభ్రంగా తగిలిన దెబ్బ. ఇంటివాళ్లు శబ్దం విని లెక్కపెడతారు. లోపలి వైపుతో చరిచినా, చేతుల మీద పడినా చప్పుడు గట్టిగానే వస్తుంది, కానీ మా కార్డులో ఏమీ రాదు. గ్యాలరీలో నలభై మంది ఊగిపోతుంటే ఒక్క పాయింటూ పెరగని రౌండ్లు చాలా చూశాను.

కౌంట్ సంగతి. జూనియర్ కుర్రాడు కాలు జారాడా, దెబ్బకి పడ్డాడా అని అనుమానమొస్తే రిఫరీ లెక్కపెట్టేస్తాడు. పెట్టకపోతే, తర్వాతి దెబ్బ తల మీద పడితే ఎవరు జవాబుదారీ? ఆ ఎనిమిదిలోపు మీవాడేం చేశాడో చూడండి. గ్లౌజులు పైకెత్తి, రిఫరీ కళ్లలోకి చూసి నిలబడ్డాడా? లేక "జారాను సార్" అని కోచ్ వైపు తిరిగి చేతులూపాడా? కొత్తవాళ్లు ఎక్కువమంది రెండోదే చేస్తారు. ఆ తీరు చూసిన జడ్జికి పిల్లాడు తడబడ్డాడనే అనిపిస్తుంది.

మా వైపు తప్పులుండవా? ఉంటాయి. పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చుంటే సాయంత్రం బౌట్లకి కళ్లు లాగేస్తాయి. చిన్న టోర్నీల్లో తెలిసిన క్లబ్ పిల్లల మీద తెలియకుండానే మొగ్గు ఉంటుందని కూడా అంటారు. నా విషయంలో లేదని ప్రమాణం చేయలేను.

లాయర్_బాబాయ్
ఇదీ మాట! ఈ చివరి రెండు వాక్యాలే ముందు రాసి ఉంటే నేనింత వాదించేవాణ్ని కాదు.

పాతబస్తీ_సౌత్‌పా
అందరూ మగపిల్లల లెక్కే చెప్తున్నారు కాబట్టి నేను దిగుతున్నా. నేను బాక్సర్‌ని, చార్మినార్ వైపు అమ్మాయిని. "పది పదిహేను బౌట్లు ఆడు" అనే మాట వింటే నవ్వొస్తుంది. ఎక్కడ ఆడాలి భయ్యా? మా బరువులో కొన్ని టోర్నీలకి ఇద్దరమో ముగ్గురమో వస్తాం. తూకం వేయించుకుని, డాక్టర్‌కి చూపించుకుని కూర్చుంటే అవతలి అమ్మాయి రాదు. వాకోవర్, అంటే ఆడకుండానే గెలుపు. నాకు అలా మెడల్ ఉంది, సర్టిఫికెట్ ఉంది, ఇంట్లో ఫ్రేమ్ కట్టించారు. ఆరోజు ఒక్క పంచ్ కొట్టలేదు, తినలేదు. స్పోర్ట్స్ కోటాకి పనికొస్తుందేమో కానీ రింగ్‌లో పనికిరాదు.

స్పారింగ్‌లో, అంటే ప్రాక్టీస్ ఫైట్‌లో, కోచ్ మన మనిషే. "ఆగు" అంటే ఆగుతాం, నవ్వుకుంటాం. బౌట్‌లో తెలియని మనిషి "బ్రేక్" అంటాడు. ఒక అడుగు వెనక్కి వేసి తర్వాతే కొట్టాలని తెలిసినా ఆ టెన్షన్‌లో కాళ్లు కదలవు. అక్కడే కొట్టేస్తాం, కాషన్ (చిన్న హెచ్చరిక) పడుతుంది. కాషన్లు పెరిగితే వార్నింగ్, మూడు వార్నింగులైతే ఇంటికే. ఇది ఎన్ని ప్యాడ్స్ కొట్టినా రాదు.

మామ గారూ, జూనియర్లకి రెండేసి నిమిషాల మూడు రౌండ్లు. నాకౌట్ డ్రా. ఓడితే ఆ ఆరు నిమిషాలే వాడి టోర్నీ మొత్తం. మళ్లీ సెలక్షన్ ఎప్పుడో. అందుకే ఒక్క తీర్పు అంత నొప్పి పెడుతుంది. నెలకో బౌట్ ఉంటే ఈ వార్నింగ్ వాడికి వారంలో మర్చిపోయే విషయం. కోపం రిఫరీ మీద ఉంది కానీ, కడుపు మంట బౌట్లు లేకపోవడం మీద.

లాయర్_బాబాయ్
అమ్మా, ఇది బాగుంది, కానీ నిఖత్ జరీన్ కూడా అలా ఊరుకుని ఉంటే? 2019లో ఒలింపిక్ క్వాలిఫయర్లకి మేరీ కోమ్‌ని ట్రయల్ లేకుండా పంపుతారంటే క్రీడల మంత్రికి ఉత్తరం రాసింది. నిజామాబాద్ పిల్ల, ఎదురుగా అంత పెద్ద పేరు.

పాతబస్తీ_సౌత్‌పా
బాబాయ్, ఆమె అడిగింది ఒక బౌట్! తీర్పు మార్చమని కాదు. ఆ ట్రయల్ 9-1తో ఓడింది కూడా. ఆ తర్వాత 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్, 2023లో ఢిల్లీలో మళ్లీ. నేను చెప్పేదీ అదే: ఉత్తరం రాయాలంటే రాద్దాం, ఆడటానికి బౌట్ ఇవ్వమని రాద్దాం.

కార్నర్_స్టూల్
దాంతో నాకు పూర్తిగా ఏకీభావం, ఒక్క తేడా. ఇంటర్ క్లబ్ బౌట్లు పెట్టమని అనడం తేలిక. రింగ్ పక్కన డాక్టర్ ఉండాలి, అంబులెన్స్ సిద్ధంగా ఉండాలి, మెడికల్ చూడాలి, బరువు, వయసు, అనుభవం మూడూ జత కుదరాలి. ఏడాది పిల్లాణ్ని నాలుగేళ్ల పిల్లాడి ముందు నిలబెడితే దాన్ని ఎక్స్‌పీరియెన్స్ అనకూడదు, తలకి దెబ్బ అనాలి. అలాంటి బౌట్లు పెట్టి "ధైర్యం వస్తుంది" అనే కోచ్‌లు మన సిటీలోనే ఉన్నారు. తలకి దెబ్బ తగిలి బౌట్ ఆగిపోతే కనీసం 30 రోజులు స్పారింగ్ కూడా వద్దని రూల్. దాన్ని అక్షరాలా పాటించే చోటే పిల్లాణ్ని పంపండి. బౌట్ల సంఖ్య పిచ్చి కూడా ప్రమాదమే.

తెల్ల_చొక్కా
నిజం. మాకూ ప్రాక్టీస్ కావాలి. కొత్త జడ్జీలు నేర్చుకునేది కూడా ఇలాంటి చిన్న బౌట్లలోనే. సెలక్షన్ రోజు మొదటిసారి కుర్చీలో కూర్చోబెడితే 3-2లు రాక ఏమొస్తాయి?

బోయిన్‌పల్లి_మామ
రాత్రి మూడో రౌండ్ చూశాను, వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని. వార్నింగ్‌కి ముందు రిఫరీ రెండుసార్లు ఆపి చెయ్యి చూపించి చెప్పాడు. వాడికి అర్థం కాలేదట, "నన్ను కాదు వాణ్ని అంటున్నాడనుకున్నా" అన్నాడు. అవతలివాడు పట్టుకున్నది కూడా వీడియోలో స్పష్టంగా ఉంది, ఆ మాట మీద మాత్రం నేను తగ్గను. ఫిర్యాదు ఇవ్వట్లేదు. కానీ ఇద్దర్నీ ఒకేలా చూడలేదని ఆ టోర్నీ నడిపినవాళ్లకి మర్యాదగా ఒక మాట చెప్తాను, వాడి ముందే. కోచ్‌కి ఇష్టం లేకపోయినా.

లాయర్_బాబాయ్
చెప్పండి. రాసి ఇవ్వండి, నోటి మాట ఎవరికీ గుర్తుండదు.

కార్నర్_స్టూల్
రాసి ఇవ్వకండి అన్నా, రేపు మళ్లీ అదే ఆఫీషియల్స్ ముందుకి వెళ్లాలి పిల్లాడు. ఈ ఒక్క విషయంలో బాబాయ్‌తో నాకు కుదరదు. సరే, మీవాడి బరువెంత? మా దగ్గర 50 కిలోల్లో ఒకడున్నాడు, వాడికీ ఏడాదే అనుభవం. సికింద్రాబాద్‌లోనే. మీ కోచ్ నంబర్ నాకు మెసేజ్ చేయండి, డాక్టర్ సంగతి నేను చూసుకుంటా.

బోయిన్‌పల్లి_మామ
49. గ్లౌజులు మళ్లీ వేసుకుంటాడో లేదో అడిగి చెప్తా.

పాతబస్తీ_సౌత్‌పా
52లో అమ్మాయి ఎవరైనా ఉంటే అదే రోజు నన్నూ పిలవండి అన్నా.