బ్యాంకు వేలంలో ఇల్లు చవకగా వస్తోంది: పాడుకోవచ్చా, వద్దా?

లంకదారి: పాలకొల్లు దగ్గర డాబా ఇల్లండీ, సర్ఫేసీ చట్టం (బాకీ పడ్డ తాకట్టు ఆస్తిని బ్యాంకు కోర్టుకెళ్లకుండానే అమ్ముకోనిచ్చే చట్టం) కింద వేలానికి పెట్టారు. రిజర్వు ధర, అంటే పాట మొదలయ్యే కనీస ధర, 30 లక్షలు, చుట్టుపక్కల 40కి తక్కువ లేదు. ప్రకటనలో ‘సింబాలిక్ పొసెషన్’ అని ఉంది. పాడొచ్చాండీ?

లెక్కలపద్దు: డబ్బు ముందే సిద్ధంగా ఉంటే పాడొచ్చండి. పాటకి ముందు కట్టే ధరావతు రిజర్వు ధరలో 10 శాతమైతే 3 లక్షలు. పాట 32కి నిలిచిందనుకోండి, అందులో 25 శాతం, అంటే 8 లక్షలు, అదే రోజో మర్నాటి పనిదినానికో చేరాలి. ధరావతు పోను ఇంకో 5. మిగతా 24 లక్షలకి వేలం ఖరారయ్యాక 15 రోజులే గడువు. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే మూడు నెలల దాకా. తప్పితే కట్టింది పోతుంది. పాట గెలిచాక గృహరుణానికి పరిగెడితే అందదు, మంజూరు ముందే ఉండాలి.

ఏటిగట్టు: గడువు సంగతి తర్వాతండీ. ‘సింబాలిక్’ అంటే గోడకి నోటీసు అంటించి పేపర్లో వేశారంతే, తాళం బ్యాంకు చేతిలో లేదు. లోపల మనుషులుంటే సెక్షన్ 14 కింద కలెక్టరు ఉత్తర్వు కావాలి. చట్టం 30 రోజులంటుంది, కారణం రాస్తే 60. అమలు చేయడానికి తహసీల్దారు, పోలీసులు కదలాలి, అది వేరే నిరీక్షణ. తాకట్టుకి ముందు నుంచీ సరైన ఒప్పందంతో ఉన్న అద్దెదారుని అలా లేపలేరు. పైగా అప్పుదారు డీఆర్‌టీకి (బ్యాంకు బాకీల ట్రిబ్యునల్‌కి) వెళ్తే, మొదటి వేలానికి 30 రోజుల నోటీసు ఇవ్వలేదన్న ఒక్క లోపంతో అమ్మకమే రద్దు కావచ్చు.

లెక్కలపద్దు: భయపెట్టేస్తున్నారండీ. 2016 సవరణతో, వేలం ప్రకటన వెలువడ్డాక అప్పు కట్టి విడిపించుకునే హక్కు పోయింది. 2023లో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. ఫిజికల్ పొసెషన్, అంటే తాళం బ్యాంకు చేతికొచ్చినవి ఏరుకుంటే సగం బాధ తప్పుతుంది.

నల్లమట్టి: ఇద్దరూ కాగితాల దగ్గరే ఆగారు. మన డెల్టాలో నేల కూడా చూడాలి. ఇల్లు కొబ్బరితోటలో ఉండి, భూమి ఇంకా వ్యవసాయ భూమే అయితే సర్ఫేసీ దానికి వర్తించదు (సెక్షన్ 31), వేలాన్నే సవాలు చేస్తారు. భూమార్పిడి కాగితం అడగండి. కాలువ గట్టు పోరంబోకులోకి గోడ జరిగిందేమో సర్వేయరుతో కొలిపించండి. 22ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషను చేయకూడని భూములది), 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) ఎలాగూ తప్పవు.

నల్లమట్టి ఎండకి బీటలిచ్చి వానకి ఉబ్బుతుంది. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లుంటే పునాది కదిలినట్టే అనుమానించండి. రొయ్యల చెరువులు దగ్గరుంటే గోడ అడుగున ఉప్పు పూసి పెళ్లలూడతాయి. పైన సిమెంటు పూసి సున్నం వేసినా, చెమ్మ పాకకుండా పునాది మీద అడ్డుపొర లేకపోతే మళ్లీ అదే. స్లాబు కింద కర్రతో తట్టండి, డొల్ల శబ్దం వస్తే లోపల ఇనుము తుప్పు పట్టి ఉండొచ్చు. ‘ఉన్నది ఉన్నట్టు’ షరతు మీద కొన్నాక వీటికి బ్యాంకుని అడగలేరు. లోపలికి పోనివ్వని ఇంటికి నేనైతే పాట పాడను.

ఏటిగట్టు: పాత కరెంటు బకాయి కూడా కనుక్కోండి లంకదారి గారూ. కొత్త కనెక్షను అడిగినప్పుడు కొన్నవాళ్ల నుంచే వసూలు చేయొచ్చని 2023లో తీర్పుంది. ఇంటిపన్ను బకాయి సరేసరి. ఈసారి పాట రాకపోతే రిజర్వు ధర తగ్గించి మళ్లీ పెట్టే అవకాశం ఉంది, అప్పుడు నోటీసు 15 రోజులే. ఇప్పటి నుంచే కాగితాలు తీయించుకోండి.

లెక్కలపద్దు: ఇల్లు బాగుంటే అప్పటిదాకా మిగలదండీ.