‘ఏదైనా కీ నొక్కండి’: నొక్కాలా, మీటాలా?

బెంగళూరు మారతహళ్లిలో మా పీజీ హాస్టల్ కుర్రాళ్లకు ఆదివారాలు సీ ప్రోగ్రామింగ్ భాష నేర్పుతున్నాను. అందరూ కర్నూలు, అనంతపురం వైపు వాళ్లే, తెర మీద మాటలు తెలుగులోనే పెడదామన్నారు. ‘ప్రెస్ ఎనీ కీ’ని ‘ఏదైనా కీ నొక్కండి’ అని సరిపెట్టాను. ఆ కింద ‘బాణం గుర్తున్న కీలు నొక్కండి’ అని రాయగానే ఒకడు మోకాలు పట్టుకుని "ఈ కీలేనా అన్నా?" అన్నాడు. కీకి బదులు ‘మీట’ అంటే ఎలా ఉంటుంది?

జవాబు:
భేషుగ్గా ఉంటుంది. ‘మీట నొక్కి నిధులు జమ చేశారు’ అని పేపర్లలో చదువుతూనే ఉన్నాం. బహువచనం మీటలు, కీళ్ల నొప్పుల గొడవే లేదు. పైగా వీణ తీగ మీటితే వెంటనే పలుకుతుంది. మీ ప్రోగ్రామూ అలా పలకాలి కదండీ.

మళ్లీ నేనే:
తిరకాసు అక్కడే ఉందండీ. లినక్స్‌లో ఆదేశాలు టైపు చేసే తెర, అదే టెర్మినల్, మామూలుగా ఎంటర్ కొట్టేదాకా లైనంతా తన దగ్గరే అట్టిపెట్టుకుంటుంది. ఒక్క అక్షరం చదివే గెట్‌చార్ ఫంక్షన్ రాస్తే ఎంత మీటినా ఉలకదు, పలకదు. టెర్మినల్ సెట్టింగులుండే టెర్మియోస్‌లో, ఇలా లైనంతా ఆపి ఉంచే ఐకానన్ ఫ్లాగ్ తీసేస్తేనే ఒక్కో మీటా ప్రోగ్రాం దాకా వస్తుంది. ఎకో కూడా తీసేస్తే నొక్కిన అక్షరం తెర మీద పడదు. పాత టర్బో సీ కంపైలర్‌లో గెట్‌చ్ అనే ఫంక్షన్ ఈ రెండు పనులూ తనే చేసేది. కాలేజీలో అవుట్‌పుట్ మాయమవకుండా ప్రతి ప్రోగ్రాం చివరా దాన్ని తగిలించేవాళ్లం, ఎందుకో తెలిస్తే ఒట్టు.

ఇంకో జవాబు:
అయితే ‘నొక్కు’ను వదలకండి తమ్ముడూ. మా వైపు ‘డబ్బు నొక్కేశాడు’ అంటే చడీచప్పుడు లేకుండా జేబులో వేసుకున్నాడని. గెట్‌చ్ సరిగ్గా అంతే. మీరు నొక్కుతారు, అది నొక్కేస్తుంది!

మళ్లీ నేనే:
హహ, ఇది క్లాసులో వాడేస్తాను. ‘ఏదైనా మీట నొక్కండి’ ఖాయం చేశాం అక్కా. నిన్న ఇంకో చిక్కు. ఫైలు చెరిపేయాలా అని అడిగి ‘అవునుకు అ, కాదుకు క’ అని పెట్టాం. ఏది నొక్కినా 224 వస్తోంది. అక్షరాలను అంకెలుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి మూడు బైట్లు, అంటే మూడు అంకెలు. అ అంటే 224, 176, 133. క అంటే 224, 176, 149. మావాడు ఒక్క బైటే చదివి, అవునన్నా కాదన్నా ఫైలు చెరిపేశాడు. ఇప్పుడు మూడూ చదివి మూడోది చూస్తున్నాం.