మందు మార్చిన మనిషి: నాన్న పేకాట అప్పుకు బాధ్యులెవరు?

గట్టుమీద చెట్టు (ప్రశ్న)

మా అన్నయ్యకూ నాకూ ఆరు నెలలుగా తెగని తగవు ఇది. మీరు ఎటు మొగ్గుతారో చెప్పండి.

నాన్నకు 66 ఏళ్లు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశారు. ఐదేళ్ల కిందట సంతకం కలవలేదని బ్యాంకువాళ్లు ఆయన చెక్కు వెనక్కి పంపారు. నల్లబల్ల మీద ముత్యాలు పేర్చినట్టు రాసే మనిషి చేతిరాత చీమలబారులా చిన్నదైపోయింది. ఆ తర్వాత కుడిచేతికి వణుకు వచ్చింది. పార్కిన్సన్ వ్యాధి అన్నారు. అంతకు రెండేళ్ల ముందే ఆయనకు వాసన తెలియడం పోయిందని, పప్పు మాడుతున్నా పక్కనే కూర్చుని పేపరు చదువుకునేవారని అమ్మ అప్పుడు గుర్తు చేసుకుంది.

ప్రామిపెక్సోల్ అనే మాత్ర రాశారు. వణుకు తగ్గింది, నడక బాగుపడింది. రెండేళ్ల కిందట మోతాదు పెంచారు. సంక్రాంతికి ఊరంతా ముక్కలు పట్టుకుని కూర్చున్నా అటు తిరిగి చూడని నాన్న, ఆ తర్వాత కొన్ని నెలలకు సాయంత్రం నడకకని బయల్దేరి రాత్రి పదింటికి రావడం మొదలుపెట్టారు. మంచిదే, నలుగురిలో కలుస్తున్నారు అనుకున్నాం. మేనకోడలి పెళ్లికని అమ్మ బీరువా తెరిస్తే కాసులపేరు లేదు. తాకట్టు కొట్టులో ఉంది. మొదట రమ్మీ, తర్వాత మూడు ముక్కలాట. పోయింది 6 లక్షల 40 వేలు.

మామూలు పరీక్షకు వెళ్లినప్పుడు అమ్మ ఏడుస్తూ వైద్యుడికి ఈ సంగతి చెప్పింది. ఆయన ముందు అడిగింది మాత్రల గురించే. కొన్ని వారాలపాటు కొద్దికొద్దిగా తగ్గించి వేరే మందుకు మార్చారు. మూడు నెలలు తిరిగేసరికి నాన్న ఆ వీధి వైపు వెళ్లడమే మానేశారు. ఎవరూ అడ్డుపడలేదు.

అన్నయ్య మాట: "మాత్ర మింగితే ముక్కలు పంచడం వస్తుందా?" పోయిన డబ్బును నాన్న వాటాలో తగ్గించాలని, ఇల్లు అమ్మ పేరుకు మార్చాలని అతని పట్టు. నా మాట: జబ్బుకు వణికిన చేతిని తప్పు పట్టం కదా, మందుకు తూలిన బుద్ధిని మాత్రం ఎందుకు తప్పు పట్టాలి?

పాత లెడ్జరు

మీ అన్నయ్యదే న్యాయం. 34 ఏళ్లు బ్యాంకులో అప్పుల విభాగంలో పనిచేశాను. ఎగవేసిన ప్రతి మనిషి దగ్గరా ఒక కారణం ఉండేది. వాన, వ్యాపారం, బావమరిది. తానే కారణమన్నవాడు ఒక్కడూ తగల్లేదు.

మీ నాన్నగారు ఇంట్లో ఎవరూ లేని వేళ చూసుకుని నగ తీశారు. కొట్టుకు నడిచి వెళ్లారు. రసీదు దాచారు. చేతి వణుకు ఎవరికీ కనబడకుండా వేళ చూసుకుని రాదు కదా. దాచారంటే తప్పని తెలుసు. తెలిసి చేసినదానికి మెదడును సాక్షిగా పిలవడం ఎందుకు?

నరాల వైద్యుడు

ఇరవై ఏళ్లుగా ఈ వృత్తిలో ఉన్నాను. ఇలాంటి కాసులపేర్లు చాలా చూశాను.

మెదడు అడుగున, వెన్నుపాము వైపు దిగే కాండంలో, నల్లగా కనిపించే చిన్న పట్టీ ఉంటుంది. అక్కడి కణాలు డోపమిన్ అనే రసాయనం తయారుచేస్తాయి. చేయి వణికేనాటికే వాటిలో దాదాపు సగం పోయి ఉంటాయి. అయితే డోపమిన్ పారేది ఒక్క కాలువలో కాదు. ఒకటి కదలికల మడికి వెళుతుంది. దాని పక్కనున్నది ఆశకు, కోరికకు, "ఈసారి వస్తుంది" అనే ఎదురుచూపుకు వెళుతుంది. జబ్బు తొలి ఏళ్లలో మొదటి మడి ఎండుతుంది, రెండోదానిలో తడి ఇంకా ఉంటుంది. మాత్రకు ఉన్న తూము మాత్రం ఒక్కటే. ఎండిన మడికి సరిపడా వదిలితే పక్క మడి మునుగుతుంది. డోపమిన్‌లా పనిచేసే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వంటివి డి3 అనే గ్రాహకాలను, అంటే డోపమిన్ వచ్చి అతుక్కునే తావులను, గట్టిగా పట్టుకుంటాయి, అవి ఎక్కువగా ఉండేది ఆ రెండో మడిలోనే.

ఇది నేను కల్పించిన కథ కాదు. 2003లోనే అమెరికా వైద్యులు ఇలాంటి జూదరుల గురించి రాశారు. 2010లో అమెరికా, కెనడాల్లో మూడు వేల మందికి పైగా పార్కిన్సన్ రోగులను పరిశీలించిన అధ్యయనం వెలువడింది. ఈ రకం మందులు వాడేవారిలో సుమారు 17 శాతం మందికి జూదమో, కొనుగోళ్ల పిచ్చో, అతిగా తినడమో, అదుపు తప్పిన లైంగిక వాంఛో పట్టుకుంది. వాడనివారిలో అది 7 శాతం.

1817లో ఈ జబ్బును మొదట వర్ణించిన జేమ్స్ పార్కిన్సన్, ఇంద్రియాలకూ బుద్ధికీ ఏమీ కాదని రాశాడు. ఆ మాట పట్టుకుని మేమూ చాలాకాలం చేతులనూ కాళ్లనూ మాత్రమే చూశాం. ఈ మందు రాసేటప్పుడే ఇంటివాళ్లను పిలిచి హెచ్చరించాలి. చెప్పకుండా రాసిన చీటీలు ఎన్నో. అందుకే ఈ తగవులో మూడో ముద్దాయి కూడా ఉన్నాడంటాను: మా వృత్తి.

పాత లెడ్జరు

మీ లెక్కే తీసుకుందాం డాక్టరుగారూ. 17 మంది ఆడారు, మరి మిగిలిన 83 మంది అదే మాత్ర మింగి ఇంట్లో కూర్చున్నారుగా? తూము ఒక్కటే అయినప్పుడు మునిగినవాళ్లు వీళ్లే ఎందుకయ్యారు? లోపల ఏదో ఉండబట్టేగా.

నరాల వైద్యుడు

ఉంటుంది. వయసు తక్కువగా ఉన్నవారికి, కుటుంబంలో జూదపు అలవాటు ఉన్నవారికి ఈ ముప్పు ఎక్కువ. అయితే ఆ "ఏదో" 60 ఏళ్లు ఆయన లోపలే ఉండి ఒక్క పేకముక్క కూడా పట్టించలేదు. పల్లపు పొలమైనంత మాత్రాన వరద దానిదవుతుందా?

చింతచెట్టు కింద

క్షమించండి, నాకు మీ ఇద్దరి మీదా కోపంగా ఉంది. మా తమ్ముడు తాగుతాడు. పందొమ్మిదేళ్ల నుంచి. వాడి డోపమిన్ వాడి తలలోనే పుడుతుంది, చీటీ మీద రాదు. అందుకని వాడు ఊరికి పనికిమాలినవాడు. ప్రధానోపాధ్యాయుడిగారిది మాత్రం జబ్బు, పాపం! చీటీ ఉన్నవాడికి క్షమ, లేనివాడికి ఛీత్కారం. మెదడే అన్నిటికీ కారణమైతే అందరికీ కావాలి, కాకపోతే ఎవరికీ కాకూడదు. దీనికి జవాబు చెప్పండి.

నరాల వైద్యుడు

ఇక్కడ నేనూ తడబడతాను.

ఒక తేడా చెప్పగలను. ఈయన విషయంలో మందు వచ్చింది, ఆట వచ్చింది. మందు పోయింది, ఆట పోయింది. కారణం ఇదని వేలు పెట్టి చూపించగలం. మీ తమ్ముడికి జన్యువులు, పెరిగిన ఇల్లు, మొదటి గ్లాసు పోసిన స్నేహితుడు, పందొమ్మిదేళ్లలో మారిపోయిన మెదడు, అన్నీ కలిసిపోయాయి. విడదీసి ఇదీ అని నేను చూపలేను. నేను చూపలేకపోవడం అతని నేరం కాదు. ఆ గీత ప్రకృతి గీసింది కాదు, మా చేతకానితనం గీసింది.

దాచిపెట్టడం గురించి కూడా. మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెరిడ్జ్ ఎలుకల మీద ఏళ్ల తరబడి చేసిన ప్రయోగాలు ఒక సంగతి తేల్చాయి: కావాలనిపించడం వేరు, బాగుందనిపించడం వేరు. డోపమిన్ తీసేసిన ఎలుక తిండి ముందున్నా కదలదు, కానీ నాలుక మీద పంచదార నీళ్లు వేస్తే ఇష్టంగా చప్పరిస్తుంది. దీనికి తిరగేసిన పరిస్థితి నా రోగులది. ఆట బాగుందని ఆడరు. ఓడిన రాత్రి ఏడ్చి, తెల్లారి మళ్లీ వెళతారు. తప్పని తెలిసే బుద్ధి, వేళ చూసుకునే తెలివి చెక్కుచెదరవు. అవి కోరికకు కూలిపని చేస్తాయి, అంతే.

నూలుచీర

ఈ చర్చలో రోగి ఇంట్లో ఉండే ఆడవాళ్లు ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను రాస్తున్నాను. మా వారికి ఇదే జబ్బు, ఇదే రకం మందు. ఆయన జూదమాడలేదు. రాత్రి రెండింటికి లేచి పాత రేడియోలు విప్పేవారు. స్క్రూలు వరసగా పేర్చి, మళ్లీ కలిపి పేర్చేవారు. ఒక్క రేడియో కూడా తిరిగి పాడలేదు. మేము నవ్వుకున్నాం! తర్వాత మిక్సీ జార్లు తెప్పించడం మొదలుపెట్టారు. పదకొండు వచ్చాక నవ్వు ఆగిపోయింది.

మందు తగ్గించినప్పుడు ఇంకో నరకం. చెమటలు, భయం, చిన్నపిల్లాడిలా ఏడుపు. అందుకని ఎవరూ ఇది చదివి ఇంట్లో మాత్రలు ఆపేయకండి. వైద్యుడు మెట్టు మెట్టుగా దించాలి.

పెరటి మొక్క

ఈ మందుల గొడవ ఎందుకు, దూలగొండి గింజల పొడి ఉండగా? ఆయుర్వేదంలో కంపవాతానికి ఎప్పటినుంచో ఇస్తున్నారు. దుష్ఫలితాలు ఉండవు.

నరాల వైద్యుడు

దూలగొండిలో ఉన్నది లెవోడోపానే, మెదడులో డోపమిన్‌గా మారే పదార్థం. ఈ జబ్బుకు మేము మాత్రగా ఇచ్చేదీ అదే. 1937లో మన దేశంలోనే దామోదరన్, రామస్వామి ఆ గింజల నుంచి దాన్ని విడదీశారు. మొక్క నుంచి వచ్చినంత మాత్రాన మెదడు దాన్ని మందు కాదనుకోదు. మాత్రలు మింగుతూ పైన ఆ పొడి కలిపితే మోతాదు ఎంత పడిందో ఎవరికీ తెలియదు. దయచేసి వద్దు.

నల్లకోటు

చట్టం మాట. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని 1968లో సుప్రీంకోర్టు చెప్పింది. కేసు మనదే, సికిందరాబాదు క్లబ్బుది. మూడు ముక్కలాట అలా కాదు, కేవలం అదృష్టమని అదే తీర్పులో ఉంది. 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 30 ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు కాబట్టి, ఆటలో ఇంకా బాకీ ఉందని ఎవరైనా ఇంటి మీదికొస్తే కోర్టులో వసూలు చేసుకోలేరు. ఇచ్చేసినది మాత్రం వెనక్కి రాదు. నగ తాకట్టు వేరే ఒప్పందం, అది నిలుస్తుంది. సంతకం చేసిన వేళ మతి స్థిమితం లేదని సెక్షన్ 12 కింద వాదించవచ్చు గానీ, బేరమాడి రసీదు దాచిన మనిషి విషయంలో అది నిలబడటం కష్టం. ఫ్రాన్స్‌లో మాత్రం రోపినిరోల్ వాడి జూదానికి బానిసైన ఒక రోగికి 2012లో అప్పీలు కోర్టు సుమారు 2 లక్షల యూరోల పరిహారం ఇప్పించింది. ఇచ్చింది మందు కంపెనీ.

పాత లెడ్జరు

కంపెనీ ఇస్తే నాకేమీ అభ్యంతరం లేదు. ఇక్కడ మూల్యం చెల్లిస్తున్నది ఆ తల్లి. దాని గురించి ఒక్కరూ రాయరేమి?

నూలుచీర

నేను రాస్తాను. గట్టుమీద చెట్టుగారూ, మీరు నాన్నగారి తప్పు లేదంటున్నారు, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ మాటకు వెల ఉంది. ఆయన చేతిలో లేని పని అయితే, డబ్బు కూడా ఆయన చేతిలో ఉండకూడదు. బీరువా తాళం, ఏటీఎం కార్డు, ఫోనులో చెల్లింపులు, అన్నీ అమ్మగారి దగ్గరికి వెళ్లాలి. మందు మారినా ఇంకో ఏడాది అక్కడే ఉండాలి. తప్పు నాది కాదు, తాళం మాత్రం నాదే అంటే కుదరదు. ఇల్లు ఆమె పేరు మీద పెట్టాలన్న మీ అన్నయ్య మాటను శిక్షగా కాకుండా ముందుజాగ్రత్తగా చెప్పి ఉంటే, మీరిద్దరూ కొట్టుకునేవారే కాదు.

పాత లెడ్జరు

ఈ చర్చలో మొదటిసారి ఒకరితో ఏకీభవిస్తున్నాను.

చింతచెట్టు కింద

మా తమ్ముడి ప్రశ్న అలాగే ఉండిపోయింది. గుర్తుంచుకోండి.

గట్టుమీద చెట్టు

నిన్న రాత్రి ఇదంతా నాన్నకు చదివి వినిపించాను. అన్నయ్య కూడా ఉన్నాడు.

కాలువల పోలిక దగ్గర నాన్న తల ఊపారు, పాఠం బాగా చెప్పిన పిల్లాణ్ని మెచ్చుకున్నట్టు. నూలుచీరగారి మాట వచ్చేసరికి ముఖం మారింది. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆడింది నేనేరా. మందు కాదు. నా పింఛనులోంచి నెలకు పదివేలు అమ్మకు కట్టుకో" అన్నారు.

ఆయన పక్షాన ఆరు నెలలు వాదించినవాణ్ని, నాకు కోపం వచ్చింది. అన్నయ్యకే ముందు అర్థమైనట్టుంది. బయటికి వచ్చాక, "తప్పు చేసినవాడు అనిపించుకోవడానికి ఆయన సిద్ధమేరా, లెక్క చూసుకోలేనివాడు అనిపించుకోవడానికే సిద్ధంగా లేరు" అన్నాడు. 38 ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి మరి.

ఏటీఎం కార్డు ఇంకా ఆయన చొక్కా జేబులోనే ఉంది. అడగడం అమ్మ వల్ల కాదు. ఆదివారం మళ్లీ కూర్చుంటాం. నూలుచీరగారూ, మీ వారి దగ్గర కార్డు ఎలా తీసుకున్నారో వీలైతే రాయండి.

నూలుచీర

తీసుకోలేదండి. రెండు పేర్ల ఖాతా తెరిచాం, ఇద్దరూ సంతకం పెడితేనే డబ్బు వస్తుంది. పాత కార్డు ఆయన జేబులోనే ఉంది. ఆ పాత ఖాతాలో ఇప్పుడు ఐదు వందలు ఉంచుతాను.