లౌడన్‌లో డేటా సెంటర్లకు ‘బై రైట్’ తీసేసి బోర్డు మంచి పని చేసిందా?

కాకినాడ_కాజా:
డిసెంబర్ 5లోపు కట్టాల్సిన ఇంటి పన్ను గురించి అందరూ మాట్లాడుకుంటున్నారు కాబట్టి అడుగుతున్నాను. 2025 మార్చి 18న వర్జీనియాలో (అమెరికా) మన లౌడన్ కౌంటీని పాలించే సూపర్‌వైజర్ల బోర్డు డేటా సెంటర్లకు ‘బై రైట్’ తీసేసింది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా. డేటా సెంటర్లంటే ఇంటర్నెట్ సర్వర్లు నడిచే పెద్ద పెద్ద బిల్డింగులు. బై రైట్ అంటే ఇది: ఇంతకుముందు కొన్ని జోన్లలో స్థలం ఉండి, ప్లాన్ రూల్స్‌కి సరిపోతే ఆఫీసులోనే పాసైపోయేది. బోర్డు ఓటు లేదు, జనం మాట వినేది లేదు. ఇప్పుడు ప్రతిదీ బోర్డు ముందుకు రావాలి, మనం వెళ్ళి మాట్లాడొచ్చు. నన్నడిగితే పదేళ్ళ కిందటే చేయాల్సిన పని. మా పెరటి చెట్ల వెనక ఒకటి లేచింది. రాత్రి వీధి సద్దుమణిగాక వినాలి దాని మోత! పక్కింటివాళ్ళు పిండి గ్రైండర్ వేసి ఊరెళ్ళిపోయినట్టు ఉంటుంది. ఆ పక్క స్థలంలో రెండోది కూడా వస్తుందంటున్నారు. మీరేమంటారు?

లెక్కల_మాస్టారు:
పాలిచ్చే గేదెను అమ్ముకుని తన్నే దున్నపోతును తెచ్చుకోవడం అంటే ఇదే. లెక్క చూడండి. ఇంటి పన్ను 100 డాలర్ల విలువకు 2021లో 0.98, 2024లో 0.865, 2025లో 0.805. ఎలా తగ్గింది? ఆ సర్వర్ల మీద 100కి 4.15 చొప్పున వసూలు చేస్తున్నారు కాబట్టి. డేటా సెంటర్లకు ఒక డాలర్ సేవలు అందిస్తే 26 డాలర్ల పన్ను వస్తోందని కౌంటీవాళ్ళే చెబుతారు. అవి బడికి పిల్లల్ని పంపవు, రోడ్డు మీదికి కార్లు తేవు. 8 లక్షల ఇంటికి ఒక్క ఏడాదిలో 480 డాలర్లు మిగిలింది. పక్క కౌంటీ ఫెయిర్‌ఫాక్స్‌లో 2025 రేటు 1.1225. అది చాలక 2026 జనవరి నుంచి హోటల్ తిండి మీద కూడా 4 శాతం పన్ను వేస్తున్నారు. ఇక్కడ బోర్డు మాత్రం వచ్చే డబ్బుకి గేటు వేసింది.

ఆష్‌బర్న్_2012:
రేటు తగ్గింది మాస్టారూ. బిల్లు తగ్గిందా? మా ఇంటి విలువ 2024లో 8 లక్షలు వేశారు, 2025లో 8 లక్షల 60 వేలు. అప్పుడు కట్టింది 6,920. ఇప్పుడు 6,923. మీరు చెప్పిన 480 ఎక్కడుందో కాస్త చూపించండి.

లెక్కల_మాస్టారు:
విలువ పెరిగితే ఆస్తి పెరిగినట్టే కదండీ. అదే ఇల్లు ఫెయిర్‌ఫాక్స్‌లో ఉంటే 9,653 కట్టేవారు.

ఆష్‌బర్న్_2012:
ఆస్తి పెరిగింది అమ్ముకుంటే. నేను అందులో ఉంటున్నాను. 3 డాలర్లు ఎక్కువే కట్టాను.

ఆవకాయ_జాడీ:
ఆ 3 డాలర్లు నేనిస్తాను, ఇద్దరూ ఆపండి.

మనాసస్_మామయ్య:
మీకు ఇప్పుడు బోర్డు ముందు విచారణ దొరికిందని సంబరపడుతున్నారు. మీ పక్క కౌంటీ, మా ప్రిన్స్ విలియం సంగతి వినండి. 2023 డిసెంబర్‌లో ‘డిజిటల్ గేట్‌వే’ అని డేటా సెంటర్ల ప్రాజెక్టు, 2,100 ఎకరాల పైచిలుకు, అదీ మనాసస్ యుద్ధభూమి పార్కును ఆనుకుని. మీటింగ్ 27 గంటలు నడిచింది. జనం రాత్రంతా మేలుకుని వంతుల వారీగా మాట్లాడారు. చివరికి 4-3తో పాస్ చేశారు. అప్పటికే సొంత పార్టీ ప్రైమరీ ఎన్నికలో ఓడిపోయి కొన్ని రోజుల్లో దిగిపోవాల్సిన ఛైర్‌పర్సన్ ఉన్న బోర్డు అది! 2025 ఆగస్టులో కోర్టు కొట్టేసింది. ఎందుకు? జనం మాట వినలేదని కాదు. విచారణ గురించి పత్రికలో ప్రకటన చట్టం చెప్పిన ప్రకారం వేయలేదని. మా 27 గంటల గోడుకి లేని విలువ పేపర్ ప్రకటనకి ఉంది.

లెక్కల_మాస్టారు:
మామయ్యగారూ, మీరు చెప్పింది నా వాదనకే బలం. విచారణ పెట్టినా జరిగేది జరుగుతుంది. ఆలస్యం, లాయర్ల ఖర్చు అదనం.

మనాసస్_మామయ్య:
నేను అలా అనలేదు.

ఓరుగల్లు_రాత్రి_డ్యూటీ:
కాజా గారూ, ఆ గ్రైండర్ లోపల పనిచేసేది నేనే. అంటే అదే బిల్డింగ్ అని కాదు, అలాంటి దాంట్లో. చిల్లర్లు (చల్లబరిచే యంత్రాలు), యూపీఎస్‌లు (కరెంటు పోతే ఆదుకునే బ్యాటరీలు), జనరేటర్లు చూసుకునే పని, వారానికి నాలుగు రాత్రులు. సంక్రాంతి పార్టీలకి వెళ్తే ‘ఏ కంపెనీ, ఏ టెక్నాలజీ’ అని అడుగుతారు. డేటా సెంటర్ ఫెసిలిటీస్ అనగానే మాట మార్చేస్తారు. మీలో సగం మంది క్లౌడ్ పేరు చెప్పి జీతం తీసుకుంటున్నారు. ఆ క్లౌడ్ ఆకాశంలో ఉండదు, మన కౌంటీలోని స్టెర్లింగ్‌లో ఉంటుంది. దాన్ని ఎవరో ఒకరు చల్లగా ఉంచాలి.

కాకినాడ_కాజా:
అన్నా, మీ పనిని నేనెక్కడ తక్కువ చేశాను? ఇంటికీ దానికీ మధ్య ఎంత దూరం ఉండాలన్నదే నా ప్రశ్న. ఫిర్యాదు చేస్తే ఒకాయన మీటర్ పట్టుకుని మధ్యాహ్నం రెండింటికి వచ్చాడు. ఎదురింటి లాన్ మూవర్ శబ్దంలో కొలిచి, హద్దులోనే ఉందని వెళ్ళిపోయాడు.

లెక్కల_మాస్టారు:
ఇల్లు ఎప్పుడు కొన్నారు?

కాకినాడ_కాజా:
2019. వెనకాల చెట్లు అలాగే ఉంటాయని బిల్డర్ మనిషి చెప్పాడు.

లెక్కల_మాస్టారు:
2019కి మన ఆష్‌బర్న్‌లో డేటా సెంటర్ కనపడని రోడ్డు ఏది? జోనింగ్ మ్యాప్ కౌంటీ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. చెరువు గట్టున ఇల్లు కట్టి కప్పలు అరుస్తున్నాయంటే ఎలా?

ఆష్‌బర్న్_2012:
కరెంటు సంగతి కూడా లెక్కలో వేయండి. తూర్పు లౌడన్‌లో కొత్త డేటా సెంటర్లకు అడిగినంత ఇవ్వలేనని 2022లో కరెంటు కంపెనీ డొమినియనే చేతులెత్తేసింది. లైన్లు చాలలేదు. రాష్ట్ర శాసనసభ తరఫున లెక్కలు చూసే జేలార్క్ 2024 డిసెంబర్‌లో నివేదిక ఇచ్చింది. ఈ గిరాకీ వల్ల 2040 నాటికి డొమినియన్ ఇంటి బిల్లు నెలకు 14 నుంచి 37 డాలర్ల దాకా పెరగొచ్చట. 37 అనుకుంటే ఏడాదికి 444. మీ 480 అక్కడికే పోయింది.

లెక్కల_మాస్టారు:
అదే నివేదికలో, ఇప్పటికైతే డేటా సెంటర్లు తమ వాటా ఖర్చు తామే కడుతున్నాయని కూడా ఉంది. అది మాత్రం మీ కంటికి కనపడదు.

ఆష్‌బర్న్_2012:
‘ఇప్పటికైతే’ అని మీరే రాశారు.

లెక్కల_మాస్టారు:
సరే, సూటిగా అడుగుతాను. బోర్డులో తొమ్మిది మంది. మళ్ళీ ఎన్నికలు 2027 నవంబర్‌లో. ఇక్కడ అరుస్తున్నవాళ్ళలో ఓటు ఎంతమందికి ఉంది? కాజా గారూ, మీకుందా?

కాకినాడ_కాజా:
లేదు. హెచ్-1బి. గ్రీన్‌కార్డ్ లైన్లో పన్నెండేళ్ళుగా ఉన్నాను. మీకు తెలిసే అడిగారు.

ఆవకాయ_జాడీ:
మాస్టారూ, ఇది బాగాలేదు.

కాకినాడ_కాజా:
ఉండండి, చెప్పనివ్వండి. ఏడాదికి రెండుసార్లు పన్ను కడుతున్నాను, మీరు కట్టే రేటే. ఓటు లేనివాడికి నిద్ర అక్కర్లేదా? బై రైట్ ఉన్నప్పుడు నాకూ మీకూ తేడా లేదు, ఇద్దర్నీ ఎవరూ అడగలేదు. ఇప్పుడు కనీసం మైకు ముందు నిలబడి ఒక మాట చెప్పే అవకాశం వచ్చింది. అది కూడా దండగ అంటున్నది ఓటున్న మీరు.

లెక్కల_మాస్టారు:
నేను ఆ ఉద్దేశంతో అనలేదు.

ఓరుగల్లు_రాత్రి_డ్యూటీ:
ఆ ఉద్దేశంతోనే అన్నారు సార్. నేను మీ పక్షమే, నా ఉద్యోగం మీ పక్షంలోనే ఉంది. అయినా చెబుతున్నా.

లెక్కల_మాస్టారు:
సరే. దాచడం ఎందుకు. మా అమ్మాయికి హైస్కూల్ ఇంకా రెండేళ్ళు. అది అవగానే ఇల్లు అమ్మేసి విజయవాడ వెళ్ళిపోతాం, నాన్నగారు ఒక్కరే ఉన్నారు. ఆ రెండేళ్ళు పన్ను పెరగకూడదు, బడికి నిధులు తగ్గకూడదు. అంతకుమించి ఈ కౌంటీతో నాకు పని లేదు. అందుకే నాకు మీ చెట్లు కనపడలేదేమో.

కాకినాడ_కాజా:
నాకు వెళ్ళడానికి లేదండీ. ఇంకో ఊళ్ళో ఉద్యోగం చూసుకుంటే గ్రీన్‌కార్డ్ కాగితాలు చాలావరకు మళ్ళీ మొదటికొస్తాయి. వెనక గదిలో పడుకునేది మా పాప. తొమ్మిదేళ్ళు. దానికి తెలిసిన ఊరు ఇదొక్కటే. కాకినాడ గురించి చెబితే కథ విన్నట్టు వింటుంది.

లెక్కల_మాస్టారు:
ఆ గ్రైండర్ మాట తేలిగ్గా తీసుకున్నాను. ఓటు సంగతి అడగకుండా ఉండాల్సింది. రేటు లెక్క మాత్రం మార్చుకోను.

ఆష్‌బర్న్_2012:
బిల్లు లెక్క నేనూ మార్చుకోను.

మనాసస్_మామయ్య:
కాజా గారూ, ఆ పక్క స్థలం దరఖాస్తు పాత రూల్ కిందే పాసైపోయి ఉంటే బోర్డు కూడా ఏమీ చేయలేదు. ముందు అది కనుక్కోండి. కొత్త రూల్ కిందికి వస్తే విచారణ ఉంటుంది. ఓటు ఉందా అని అక్కడ అడగరు, ముందుగా పేరు రాయించుకుంటే చాలు. ఇచ్చేది కొద్ది నిమిషాలే, కాబట్టి ఆ చెట్ల కథ పెట్టుకోకండి. ఎంత దూరం, ఎన్ని గంటలు, అది చెప్పండి.

ఓరుగల్లు_రాత్రి_డ్యూటీ:
ఇంకో మాట. మీరు రాత్రి వినేది జనరేటర్ అయి ఉండదు. వాటి పరీక్షలు మా దగ్గర పగలే చేస్తాం. తెరిపి లేకుండా ఒకే మోత అంటున్నారు కాబట్టి పైకప్పు మీద చిల్లర్ ఫ్యాన్లు అనుకుంటాను. అక్కడికి వెళ్ళి జనరేటర్ అన్నారంటే మిమ్మల్ని అక్కడే కొట్టిపారేస్తారు. రెండు వారాలు తేదీ, టైము, బయట ఎంత చలి, అన్నీ రాసిపెట్టుకోండి. చలి పెరిగినకొద్దీ మోత తగ్గుతుందేమో చూడండి. తగ్గితే ఫ్యాన్లేనని చెప్పొచ్చు.

కాకినాడ_కాజా:
ఈ రాత్రి నుంచే రాస్తానన్నా. ఇప్పుడు పదకొండు పది. మొదలైంది.