స్నూకర్‌లో డేవిస్, హెండ్రీ అన్నేసి కప్పులు గెలిస్తే జనం మాత్రం అలెక్స్ హిగ్గిన్స్‌నే ఎందుకు తలుచుకుంటారు?

కార్నర్‌పాకెట్:
అందరికీ నమస్తే. ఈమధ్య యూట్యూబ్‌లో పాత స్నూకర్ మ్యాచ్‌లు తెగ చూస్తున్నా, 80లవి 90లవి దొరికినవన్నీ. ఒక్కటి మాత్రం అర్థం కావట్లేదు. స్టీవ్ డేవిస్ 6 సార్లు వరల్డ్ ఛాంపియన్, స్టీఫెన్ హెండ్రీ 7 సార్లు. అలెక్స్ హిగ్గిన్స్ గెలిచింది 1972లో ఒకసారి 1982లో ఒకసారి, అంతే. జిమ్మీ వైట్‌కి అదీ లేదు. మరి ఏ వీడియో కింద చూసినా జనం ప్రాణం పెట్టేది వీళ్లిద్దరి మీదే, వీళ్ల తర్వాత రానీ ఓసలివాన్ మీద. తాగుళ్లు, గొడవలు, ఫైన్లు, బ్యాన్లు, ఇవన్నీ ఉన్నా సరే. నాకేమో హెండ్రీ ఆటంటే పిచ్చి, మా స్నూకర్ పార్లర్‌లో ఆయన పేరెత్తితే "మెషిన్ రా బాబూ" అని కొట్టిపారేస్తారు. ఇది ఆట మీద ప్రేమా, గొడవల మీద మోజా? తెలిసినవాళ్లు చెప్పండి.

చాక్‌పొడి:
బ్రో నీ ప్రశ్నకి సగం జవాబు ఆ కుర్చీలో ఉంది. క్రికెట్‌లో ఔటైతే పెవిలియన్‌కి పోతాడు, టెన్నిస్‌లో మరుక్షణం ఇంకో బంతి వస్తుంది, స్నూకర్‌లో మాత్రం అవతలివాడు బ్రేక్ (తప్పకుండా వరసగా కొట్టే పాయింట్లు) కడుతుంటే నువ్వు ఊరికే కూర్చోవాలి, కెమెరా వచ్చి నీ మొహం మీదే ఆగుతుంది. డేవిస్ ఆ మొహంలో ఏదీ కనపడనిచ్చేవాడు కాదు, అది చాలా పెద్ద విద్య, ఆయన అన్ని గెలవడానికి అదీ ఒక కారణమే. అలెక్స్‌కి అది చేతకాలేదు. సిగరెట్, గ్లాసు, కుర్చీలో అటూ ఇటూ కదలడం, లోపలున్నదంతా బయటికే.

1982 సెమీఫైనల్ చూశావా? జిమ్మీ వైట్ మీద. జిమ్మీ 15-14 ఫ్రేముల (ఒక్కో రౌండ్ ఒక ఫ్రేమ్) ఆధిక్యంలో ఉన్నాడు, నడుస్తున్న ఫ్రేమ్‌లో కూడా పాయింట్లు 59-0, ఇంకొంచెం కొడితే ఫైనల్‌కి పోయినట్టే, అక్కడ ఒక ఎర్ర బంతి తప్పాడు. అలెక్స్ లేచి 69 క్లియరెన్స్ (టేబుల్ మీద మిగిలిన బంతులన్నీ ఒకే వరసలో వేసేయడం) కొట్టాడు. ఇప్పటివాళ్ల సెంచరీల పక్కన అది చిన్న నంబరే, కానీ చూడు, దాదాపు ఏ షాట్ తర్వాతా తెల్ల బంతి అనుకున్నచోట ఆగదు, ప్రతి పాట్ మళ్లీ కొత్త గండమే, ఒక్కటి తప్పితే ఇంటికే. పైగా కొట్టేటప్పుడు తల లేస్తుంది, ఒళ్లంతా ఊగుతుంది, ఏ కోచ్ అయినా మొదటిరోజే వద్దు అని చెప్పే పనులన్నీ చేస్తాడు, బంతి మాత్రం పడుతుంది. తర్వాతి ఫ్రేమ్ కూడా గెలిచి 16-15తో బయటపడ్డాడు. మనిషిలో ఉన్న లోపం ఆ షాట్‌లో కూడా ఉంది బ్రో, వేరు చేసి చూడలేం.

నిజాంపేట_క్యూ:
అన్నా ఆట సంగతి ఒప్పుకుంటా, కానీ మిగతాది కూడా చెప్పాలె కదా. 1986లో టోర్నమెంట్ డైరెక్టర్‌ని తలతో గుద్దిండు. 1990లో డెనిస్ టేలర్‌ని కాల్పిస్తా అన్నడు, ఇద్దరూ ఉత్తర ఐర్లాండ్ వాళ్లే, అప్పట్ల అక్కడ గొడవలల్ల మనుషులను కాల్చి చంపుతున్న రోజులు, ఆ మాట ఉత్తమాట కాదు. అదే సంవత్సరం వరల్డ్ ఛాంపియన్‌షిప్‌ల ఓడి ప్రెస్ ఆఫీసర్‌ని కొట్టిండు, ఏడాది బ్యాన్ పడ్డది. "రంగులున్న మనిషి" అని మనం ముద్దుగా అనుకునేటప్పుడు దెబ్బ తిన్నోళ్లు ఎవరికీ యాదికి రారు, నాకు అదే కోపం.

ఇంకోటి, ఆ తాగుడు ఒక్కడి తప్పు కూడా కాదు. అప్పట్ల సిగరెట్ కంపెనీలే స్పాన్సర్లు, టీవీల మ్యాచ్ నడుస్తుంటే పొగ, మందు. కెనడా ఆయన బిల్ వెర్బెనియుక్ చెయ్యి వణుకు ఆగనీకి బీర్లకు బీర్లు తాగి ఆడేటోడు, జనం దాన్ని తమాషాగా చూసిండ్రు. అలెక్స్‌కి గొంతు క్యాన్సర్ వచ్చింది, పళ్లు పోయినయ్, తినలేక బక్కచిక్కి 2010ల బెల్‌ఫాస్ట్‌ల ఒక్కడే ఫ్లాట్‌ల చచ్చిపోయిండు, 61 ఏండ్లు. చప్పట్లు కొట్టినోళ్లంతా ఆ ఫ్లాట్ దాకా పోలేదు గదా.

వైజాగ్_బ్రేక్:
నిజాంపేట గారు చెప్పిందాంట్లో తప్పు పట్టడానికేం లేదండి. కానీ రానీని ఆ లెక్కలో పూర్తిగా కట్టకూడదు అనిపిస్తుంది. 1997లో 147 (ఒక ఫ్రేమ్‌లో మామూలుగా కొట్టగలిగే అత్యధిక బ్రేక్) కొట్టింది 5 నిమిషాల 8 సెకన్లలో, 36 షాట్లు, ఆలోచించడానికి ఆగినట్టే ఉండదు. అదే మనిషి 2006లో యూకే ఛాంపియన్‌షిప్‌లో హెండ్రీ చేతిలో 4-1 వెనకబడి, మ్యాచ్ ఇంకా చాలా మిగిలుండగానే, చెయ్యి కలిపి బయటికి నడిచి వెళ్లిపోయాడు. టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్లకి అన్యాయమే, తర్వాత ఆయనే సారీ చెప్పాడు, ఫైనూ కట్టాడు. 2010లో గ్లాస్గోలో 147 మధ్యలో రిఫరీని దీనికి ప్రైజ్ ఎంత అని అడిగి, స్పెషల్‌గా ఏమీ లేదని తెలిశాక చివరి బ్లాక్ వదిలేసి పోబోతే రిఫరీ యాన్ వెర్హాస్ బతిమాలి కొట్టించాడు.

నాకు నచ్చేది ఆ పొగరు కాదండి. వాళ్ల నాన్న ఒక హత్యకేసులో జైలుకెళ్లాడు, తనకేమో డిప్రెషన్, అవి దాచుకోకుండా చెప్పుకున్నాడు, సాయం తీసుకున్నాడు, పొద్దున్నే పరుగు పెట్టడం అలవాటు చేసుకున్నాడు, 2012-13లో దాదాపు సీజన్ అంతా ఆడకుండా వచ్చి వరల్డ్ టైటిల్ నిలబెట్టుకున్నాడు. 2022కి అవి 7 అయ్యాయి, హెండ్రీతో సమానం. అలెక్స్ దారిలోనే మొదలై పక్కకి తిరగగలిగాడు, అందుకే ఇష్టం.

2017లో మా వైజాగ్‌లో ఇండియన్ ఓపెన్ జరిగింది, జాన్ హిగ్గిన్స్ గెలిచాడు (అలెక్స్‌కి చుట్టం కాదు, ఈయన స్కాట్లాండ్). దగ్గర్నుంచి చూస్తే వీళ్లందరూ ఎంత నిశ్శబ్దంగా, ఎంత ఒద్దికగా ఆడతారో తెలుస్తుంది. మామూలుగా ఆట ఇంత పద్ధతిగా ఉంటుంది కాబట్టే ఒకడు గీత దాటితే అంత కొట్టొచ్చినట్టు కనిపిస్తాడు.

చాక్‌పొడి:
కార్నర్‌పాకెట్ బ్రో, హెండ్రీ మెషిన్ అనేవాళ్లకి 1994 ఫైనల్ చూపించు. ఆ టోర్నమెంట్ మధ్యలో పడి ఎడమ మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు, అయినా ఫైనల్ దాకా వచ్చాడు. జిమ్మీతో 17-17, ఆఖరి ఫ్రేమ్‌లో జిమ్మీ ఆధిక్యంలో ఉండి స్పాట్ (దాని మామూలు చోటు) మీదున్న బ్లాక్ తప్పాడు, మన పార్లర్‌లో కుర్రాళ్లు కూడా కొట్టే బంతి. హెండ్రీ 58 కొట్టి తీసుకుపోయాడు. జిమ్మీకి అది ఆరో ఫైనల్ ఓటమి, పైగా ఆ రోజు ఆయన పుట్టినరోజు. మైక్ ఇస్తే "ఇతను నాకు చిరాకు తెప్పించడం మొదలెట్టాడు" అని నవ్వాడు, హాలంతా చప్పట్లు.

కార్నర్‌పాకెట్:
ఇప్పుడే చూసొచ్చా చాక్‌పొడి అన్నా. ఆ బ్లాక్ తప్పినప్పుడు నేను హెండ్రీ ఫ్యాన్‌ని కూడా అయ్యో అనేశా. కానీ నిజాంపేట అన్న మాట కూడా వదలట్లేదు, జిమ్మీని ఇష్టపడ్డం ఈజీ, అలెక్స్ దగ్గర ఇంకా ఆగిపోతున్నా. 1982 సెమీ మొత్తం రికార్డింగ్ ఎక్కడైనా ఉందా, నాకు ఆ 69 ముక్క ఒక్కటే దొరికింది?