అరుదైన ట్యూమర్ కేస్ రిపోర్టు: పేరు రాయకపోతే రోగిని అడగక్కర్లేదా?

పీజీ_పాథ్:
అందరికీ నమస్కారం. ప్రభుత్వ కాలేజీలో పాథాలజీ పీజీ చేస్తున్నాను. తొడలో గడ్డ అని ఒక స్పెసిమెన్ వచ్చింది. రిక్విజిషన్ ఫారం మీద ‘లైపోమా?’ (మామూలు కొవ్వు గడ్డా?) అని రాసి ఉంది. గ్రాసింగ్‌లో, అంటే గడ్డను కంటితో పరీక్షించేటప్పుడు, కోసి చూస్తే లైపోమాకుండే పసుపు కొవ్వు లేదు. బూడిద రంగులో మెత్తగా ఉంది, అక్కడక్కడా రక్తం చేరింది. హెచ్ అండ్ ఈ (మామూలుగా వేసే రంగు) స్లైడ్‌లో పెద్ద పెద్ద కణాలు గూళ్ళు గూళ్ళుగా, గూటికీ గూటికీ మధ్య సన్నటి రక్తనాళాలు. పీఏఎస్ అనే ఇంకో రంగు వేశాం, గ్లైకోజన్‌ని కరిగించే డయాస్టేజ్ పెట్టాక కూడా కణాల లోపల ముదురు గులాబీ రంగులో పుల్లల్లాంటి స్ఫటికాలు అలాగే నిలిచాయి. టీఎఫ్‌ఈ3 అనే మార్కర్ న్యూక్లియస్‌లో పాజిటివ్. అల్వియోలార్ సాఫ్ట్ పార్ట్ సార్కోమా! కండ, కొవ్వులాంటి మెత్తటి కణజాలంలో వచ్చే క్యాన్సర్లు (సాఫ్ట్ టిష్యూ సార్కోమాలు) అన్నిట్లో ఇది నూటికి ఒకటి లోపే.

కేస్ రిపోర్టు (ఒక్క రోగి కేసు మీద జర్నల్ వ్యాసం) రాయమని మా సార్ అన్నారు. జర్నల్ వాళ్ళేమో రోగి సంతకంతో అనుమతి పత్రం అడుగుతున్నారు. అబ్బాయి డిశ్చార్జ్ అయి వెళ్ళిపోయాడు. ఫారంలో ఫోన్ నంబరు లేదు. పేరు రాయం, ఫొటో పెట్టం, స్లైడ్ బొమ్మలే పెడతాం. అయినా అనుమతి కావాలా? అడగని జర్నల్ చూసి పంపేయమంటున్నారు సీనియర్లు.

స్లైడ్‌బాక్స్:
అక్కర్లేదమ్మా. మెడికల్ కౌన్సిల్ 2002 నియమావళి 7.17 తీసి చదువు. రోగి ఎవరో గుర్తుపట్టేలా ఫొటోలు గానీ కేస్ రిపోర్టులు గానీ అనుమతి లేకుండా ప్రచురించకూడదు. గుర్తింపు బయటపెట్టనప్పుడు అనుమతి అవసరం లేదని అక్కడే స్పష్టంగా ఉంది. నా సర్వీసంతా మైక్రోస్కోప్ ముందే గడిచింది, ఎప్పుడూ ఏ రోగీ అభ్యంతరం చెప్పలేదు. సంతకాల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఇలాంటి కేసులు బీరువాల్లోనే మగ్గిపోతాయి. రాసేయ్.

డల్లాస్_పాథ్:
రూల్ ఎలా ఉన్నా, పేరున్న జర్నల్ ఏదీ ఇప్పుడు అనుమతి పత్రం లేకుండా తీసుకోదు. అడగని జర్నల్ అంటే డబ్బు కడితే చాలు ఏదైనా వేసే జర్నల్. నీ పేరు అందులో చూసుకోవాలని ఉందా?

ఉద్దానం_అన్న:
నేను డాక్టర్ని కాదు. మా చెల్లి కేసు ఒక జర్నల్లో వచ్చింది. పేరు లేదు. ‘జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే 22 ఏళ్ళ అవివాహిత, శ్రీకాకుళం జిల్లా’ అని ఉంది. పాంక్రియాస్‌లో సాలిడ్ సూడోపాపిల్లరీ ట్యూమర్ అనే అరుదైన గడ్డ. ఆ జబ్బుతో ఆ వయసు పిల్ల మా మండలం మొత్తం మీద ఇంకొకతె ఉంటుందా? హౌస్ సర్జన్ చేస్తున్న మా బంధువుల అబ్బాయి అది చూసి ‘ఇది మన పిల్లే కదా’ అని కుటుంబం గ్రూపులో పెట్టాడు. అప్పటికి సంబంధం మాట్లాడుతున్నాం. వాళ్ళు మళ్ళీ రాలేదు. 7.17 నా ముందు పెట్టకండి.

స్లైడ్‌బాక్స్:
మీ బాధ అర్థమైంది బాబూ. కానీ గుర్తుపట్టింది ఎవరు? ఆపరేషన్ సంగతి ముందే తెలిసిన బంధువు. తెలిసినవాడు గుర్తుపట్టడం వేరు, ఊరూ పేరూ తెలియనివాడు చదివి పట్టుకోవడం వేరు. 7.17 రెండోదాన్నే ఆపుతుంది. అసలు తప్పు గ్రూపులో పెట్టిన అబ్బాయిది.

నల్లకోటు:
7.17లో అలాంటి తేడా ఏమీ లేదు సార్. ‘తెలియనివాళ్ళు గుర్తుపడితేనే’ అన్న షరతు మీరు కలిపారు.

స్లైడ్‌బాక్స్:
లాయరు గారూ, తెలిసినవాళ్ళు కూడా గుర్తుపట్టకూడదంటే ప్రపంచంలో ఒక్క కేస్ రిపోర్టు కూడా రాయలేం. రోగికి తన కేసు తెలుసు, వాళ్ళ అమ్మకు తెలుసు, వార్డు ఆయాకు తెలుసు.

ఉద్దానం_అన్న:
జీడి ఫ్యాక్టరీ అని రాయకుండా ఉండొచ్చుగా? ఆ ముక్క తీసేస్తే జబ్బు మారిపోతుందా?

స్లైడ్‌బాక్స్:
వృత్తి రాయడం ఎంత ముఖ్యమో చెప్తాను, ఓపిగ్గా చదవండి. 1974లో అమెరికాలో లూయీవిల్ దగ్గర పీవీసీ తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో ముగ్గురు కార్మికులు లివర్ ఆంజియోసార్కోమాతో పోయిన సంగతి బయటపడింది. ఒక డాక్టరు సర్వీసు మొత్తంలో ఒక్కటి చూస్తే గొప్ప, అంత అరుదైన క్యాన్సర్ అది. ముగ్గురూ ఒకే చోట పనిచేశారని గమనించింది ఆ ఫ్యాక్టరీ డాక్టరే. అక్కడి నుంచే పీవీసీ తయారీకి వాడే వినైల్ క్లోరైడ్ మీద వేలు పడింది. పని చేసేచోట గాలిలో అది 500 పీపీఎం దాకా ఉండొచ్చన్న హద్దును అమెరికా ప్రభుత్వం 1 పీపీఎంకి దించింది. ఆ ముగ్గురి వృత్తి రాయకపోయి ఉంటే ఇంకెంతమంది పోయేవారో!

ఇంకోటి. 1971, బోస్టన్. 15 నుంచి 22 ఏళ్ళ ఆడపిల్లల్లో యోనిలో క్లియర్ సెల్ అడినోకార్సినోమా అనే క్యాన్సర్. ఆ వయసులో రాకూడని జబ్బు. హెర్బ్‌స్ట్, ఉల్ఫెల్డర్, పోస్కాంజర్ అనే ముగ్గురు 8 కేసులు పక్కపక్కన పెట్టి చూశారు. 7 కేసుల్లో తల్లి గర్భంతో ఉన్నప్పుడు డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ వాడింది. గర్భస్రావం కాకుండా ఇచ్చేవారు ఆ మందు. ఆ ఏడాదే గర్భిణులకు అది ఇవ్వొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఎనిమిది కేసులండీ, ఎనిమిదే! అరుదైన కేసు విలువ అది. దాన్ని సంతకం కాగితం కింద తొక్కిపెట్టమంటారా?

మైక్రోటోమ్:
ల్యాబ్ టెక్నీషియన్ని. ఫారంలో ఫోన్ నంబరు గడి ఎప్పుడూ ఖాళీయే. క్లినికల్ హిస్టరీ గడిలో ‘మాస్’ అని ఒక్క మాట. వృత్తి సంగతి దేవుడెరుగు, కుడి తొడో ఎడమ తొడో కూడా రాయరు.

ఉద్దానం_అన్న:
సార్ చెప్పినవి గొప్ప విషయాలే. మరి మా ఉద్దానం సంగతేంటి? కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. నీళ్ళంటారు, ఎండంటారు, పురుగుమందులంటారు. రక్తం తీసుకెళ్ళేవాళ్ళు వస్తూనే ఉంటారు. తిరిగొచ్చి మా నాన్నకు రిజల్టు ఇదీ అని చెప్పినవాడు లేడు. ఆయన డయాలసిస్ మీదే పోయాడు. తీసుకెళ్ళడమే మీకు తెలుసు.

స్లైడ్‌బాక్స్:
ఇది వేరే విషయం. దారం పేరు చూడండి. ట్యూమర్ కేస్ రిపోర్టుకు అనుమతి గురించి మాట్లాడుతున్నాం. ఇందులోకి ఉద్దానం ఎందుకొచ్చింది?

ఉద్దానం_అన్న:
నాకు రెండూ ఒకటే.

స్లైడ్‌బాక్స్:
మీకు ఒకటే కావచ్చు, శాస్త్రానికి కాదు. సూటిగా చెప్తాను. ఆపరేషన్లో తీసిన గడ్డను మేం చూడకపోతే అది పసుపు సంచిలో పడి కాలిపోయే ఆస్పత్రి వ్యర్థం. దానికి పేరు పెట్టేది మేం. మైనం బ్లాకు చేసి దాచేది మేం. రాత్రి తొమ్మిదింటికి కూడా ఇంకో సెక్షన్ కోయించి, ఇంకో మార్కర్ వేయించి, మీ చెల్లెలిది మామూలు పాంక్రియాస్ క్యాన్సర్ కాదు, చాలామందికి ఆపరేషన్‌తోనే నయమయ్యేది అని తేల్చింది ఒక పాథాలజిస్టు. ఆమె బీటా కాటెనిన్ అనే ఆ మార్కర్ వేయకపోతే మీరెక్కడ ఉండేవారో ఆలోచించండి. ఆ పని చేసినవాళ్ళు ఒక పేపరు రాసుకుంటే దొంగతనమా?

ఉద్దానం_అన్న:
వ్యర్థమా? మా చెల్లి కడుపులోంచి తీసింది మీకు వ్యర్థమా? మీ ఇంట్లో పిల్లకైతే ఈ మాట అంటారా? ప్రమోషన్ల కోసం రాసుకుని పైగా మాకు ఉపకారం చేశామంటారు!

స్లైడ్‌బాక్స్:
తెలియకుండా మాట్లాడకండి. ఒక్క కేస్ రిపోర్టు ప్రమోషన్‌కి లెక్కలోకి రాదు. ఒరిజినల్ పేపర్లు, కేస్ సిరీస్‌లాంటివే వస్తాయి. కేస్ రిపోర్టు రాసేవాడు దాని మీద ఇష్టంతో రాస్తాడు.

నిర్వాహకులు:
ఇద్దరూ ఇంట్లోవాళ్ళ జోలికి వెళ్ళొద్దు. ఇంకోసారి అయితే దారం మూసేస్తాం.

నల్లకోటు:
తీసిన కణజాలం ఎవరిది అన్న ప్రశ్న వచ్చింది కాబట్టి ఒక తీర్పు చెప్తాను. జాన్ మూర్ అనే ఆయనకు హెయిరీ సెల్ లుకేమియా అనే రక్త క్యాన్సర్. 1976లో కాలిఫోర్నియాలో స్ప్లీన్ తీశారు. ఆ కణాల నుంచి డాక్టర్లు సెల్ లైన్ (ల్యాబ్‌లో పెరుగుతూనే ఉండే కణాలు) తయారుచేసి పేటెంట్ తీసుకున్నారు. 1990లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఏమందంటే, ఆ కణాలు ఆయన ఆస్తి అని దావా వేయడం కుదరదు, కానీ తన పరిశోధన, ఆర్థిక ప్రయోజనాలు రోగికి ముందే చెప్పకపోవడం డాక్టరు తప్పు అని. మన కోర్టులు దానికి కట్టుబడవు. అయినా చూడండి, గడ్డ ఎవరిదన్న దాంట్లో సార్ వాదనే గెలిచింది, చెప్పాలా వద్దా అన్న దాంట్లో ఓడిపోయింది.

డల్లాస్_పాథ్:
స్లైడ్‌బాక్స్ గారూ, బోస్టన్ కథలో మీరొక ముక్క వదిలేశారు. ఆ మందు సంగతి స్లైడ్‌లో కనపడలేదు. ఒక పేషెంటు తల్లి తనంతట తానే ఉల్ఫెల్డర్‌ని అడిగింది, గర్భంతో ఉన్నప్పుడు నేను వాడిన మందు వల్ల కాదు కదా అని. ఆ తర్వాతే మిగతా తల్లులను అడిగారు.

ఉద్దానం_అన్న:
ఇదే! నాకు చెప్పడం చేతకానిది ఇదే. డల్లాస్ అన్నా, దండం.

సార్, కోపంలో అన్న మాటలు పక్కన పెట్టండి. మా చెల్లి పేపరు నేను చదివించుకున్నాను. ఆఖరి పేరాలో ఏముందో తెలుసా? ‘ఏడాదిన్నర తర్వాత రోగి క్రమంగా ఫాలోఅప్‌లో ఉంది, జబ్బు తిరగబెట్టిన ఆనవాళ్ళు లేవు.’ కుట్లు విప్పాక మేం ఆ ఆస్పత్రి గడప తొక్కలేదు. స్కాన్ తీయించుకోవాలని ఎవరూ చెప్పలేదు. డిశ్చార్జ్ కాగితంలో ‘రివ్యూ ఎస్ఓఎస్’ (అవసరమైతేనే రండి) అని ఉంది. ఒక్క ఫోన్ రాలేదు. ఎవరు చూశారు, ఎక్కడ చూశారు? ఈ ట్యూమర్ కొందరిలో ఏళ్ళ తర్వాత లివర్‌లో కనపడొచ్చని అదే పేపర్లో రాశారు. ఆ మాట మాకు చెప్పింది ఆ పేపరే. దాన్ని గ్రూపులో పెట్టిన కుర్రాడే తర్వాత మమ్మల్ని స్కాన్‌కి తీసుకెళ్ళాడు. దేవుడి దయ, ఏమీ లేదు.

సంతకం అడిగుంటే మా చెల్లి పెట్టేది సార్. నాలాంటి ఇంకో పిల్లకు పనికొస్తుందంటే ఎందుకు పెట్టదు? సంతకం కోసమైనా ఒకరు ఇంటికి ఫోన్ చేసేవారు కదా. ఎలా ఉందమ్మా అని అడిగేవారు కదా. నా గొడవ సంతకం గురించి కాదు.

మైక్రోటోమ్:
ఈ ఫాలోఅప్ వాక్యం చాలా పేపర్లలో ఇలాగే ఉంటుంది. రాసేటప్పుడు ఎవరైనా ఫోన్ చేయడం నేనైతే చూడలేదు.

స్లైడ్‌బాక్స్:
ఆ వాక్యం పాథాలజిస్టు రాయడు. సర్జరీ యూనిట్ నుంచి వస్తుంది. రోగి మాకు కనపడడు, మాకు కనపడేది ఫార్మలిన్ డబ్బా. వాళ్ళు ఏమిస్తే అది చేరుస్తాం.

ఉద్దానం_అన్న:
పేపరు మీద మొదటి పేరు ఎవరిది సార్?

స్లైడ్‌బాక్స్:
పాథాలజిస్టుదే ఉంటుంది.

అనుమతి విషయంలో నా మాట మారదు. 7.17 ఉన్నది ఉన్నట్టే, గుర్తింపు లేనప్పుడు సంతకం అక్కర్లేదు. కానీ మీరు చెప్పిన వాక్యం వేరే సంగతి. చూడని ఫాలోఅప్ చూసినట్టు రాస్తే ఆ పేపరు చదివిన సర్జన్ తన పేషెంటుకు కూడా ఏం భయం లేదని చెప్పేస్తాడు. నా డిపార్ట్‌మెంట్లో అయితే ఆ పేపరు బయటికి పోనిచ్చేవాణ్ణి కాదు. ఆ జర్నల్ ఎడిటర్‌కి రాయండి. ఫాలోఅప్ జరగలేదని మీ చెల్లెలి చేతే రాయించి, డిశ్చార్జ్ కాగితం జత చేయండి. ఉత్తరం ఇంగ్లీషులో కావాలంటే నేను రాసిపెడతాను.

డల్లాస్_పాథ్:
కేస్ రిపోర్టులు ఎలా రాయాలో చెప్పే కేర్ మార్గదర్శకాల్లో 2013 నుంచీ రోగి తన మాటల్లో చెప్పుకునే భాగం ఉంది, అనుమతి కూడా ఉంది. ఆ భాగం నింపాలంటే రోగి ఎదురుగా కూర్చోక తప్పదు. నేను సంతకాన్ని పట్టుకు వేలాడేది అందుకే.

స్లైడ్‌బాక్స్:
రోగి దొరక్కపోతే? రెక్క ఆడితే గానీ డొక్క ఆడని కూలీ, డిశ్చార్జ్ అవగానే బెంగళూరో సూరతో పోయాడు. అప్పుడు ఆ కేసు రాయొద్దా? దీనికి మాత్రం మీరెవరూ జవాబు చెప్పట్లేదు.

ఉద్దానం_అన్న:
దొరకలేదని రాయండి. ‘డిశ్చార్జ్ తర్వాత ఎలా ఉన్నాడో మాకు తెలియదు’ అని రాయండి. మా చెల్లి పేపర్లో ఆ ముక్క ఉన్నా నాకు చాలు.

పీజీ_పాథ్:
ఇంత చర్చ అవుతుందనుకోలేదు. మైక్రోటోమ్ గారు విడిగా మెసేజ్ పెట్టారు, ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో జరిగి ఉంటే ఆరోగ్యమిత్ర దగ్గర నంబరు ఉంటుందని. ఇవాళ వెళ్ళి అడిగాను. నంబరు దొరికింది, ఫోన్ కలిసింది. అబ్బాయి పొలం పనుల్లోకి వెళ్తున్నాడట. వాళ్ళ అమ్మ మాట్లాడింది. కొవ్వు గడ్డ తీసేశారు, అయిపోయింది అనుకుంటున్నారు. బయాప్సీ రిపోర్టు వాళ్ళ చేతికి అసలు వెళ్ళనే లేదు. సర్జరీ యూనిట్ వాళ్ళు కూడా మళ్ళీ పిలవలేదు.

స్లైడ్‌బాక్స్:
రిపోర్టు సంగతి తర్వాత. అది ఊపిరితిత్తులకూ మెదడుకూ పోయే జబ్బు, ఒక్కోసారి ఏళ్ళ తర్వాత కూడా. చెస్ట్ సీటీ తీశారా?

పీజీ_పాథ్:
లేదు సార్. సోమవారం రమ్మన్నాను. ఆంకాలజీ ఓపీకి నేనే వెంట వెళ్తాను.

స్లైడ్‌బాక్స్:
సోమవారం దాకా ఆగి ఊరుకోకు. రిపోర్టు కాపీ ఇవాళే సర్జరీ హెచ్‌ఓడీ చేతికి ఇచ్చి రిసీవ్డ్ అని సంతకం తీసుకో. బ్లాకులు, స్లైడ్లు తీసి పక్కన పెట్టుకో, క్యాన్సర్ సెంటర్ వాళ్ళు మళ్ళీ చూస్తామంటారు.

ఉద్దానం_అన్న:
మేడమ్, ఛార్జీలకు ఇబ్బంది పడి ఆగిపోతారేమో, ఆ అమ్మగారిని అడిగి చూడండి. అలాంటిదేమైనా ఉంటే ఇక్కడ చెప్పండి.