ఎఫ్‌ఐఐలు, ఫండ్లు కొనేది చూసి షేరు ఎంచుకోవచ్చా?

అలిపిరి_ఇన్వెస్టర్:
రోజూ సాయంత్రం వచ్చే ఎఫ్‌ఐఐ (విదేశీ సంస్థలు), డీఐఐ (మన ఫండ్లు, ఇన్సూరెన్స్ కంపెనీల్లాంటివి) లెక్క చూస్తా ఉండాను. ఇంత కొన్నారు, అంత అమ్మినారు అని తెలుస్తుంది సరే. దాన్ని పట్టుకుని షేరు ఎంచుకునేది ఎట్లన్నా? ఎవరైనా చేస్తా ఉంటే చెప్పండి.

కరకంబాడి_రోడ్:
తమ్ముడూ, అది మార్కెట్ మొత్తం లెక్క. ఏ షేరు కొన్నారో అందులో ఉండదు. 2024 అక్టోబర్‌లో విదేశీ సంస్థలు 90 వేల కోట్లకు పైగా అమ్మితే, మన ఫండ్లు, ఇన్సూరెన్స్ కంపెనీలు కలిసి లక్ష కోట్లకు పైగా కొన్నాయి. అయినా నిఫ్టీ ఆ నెల 6 శాతం పడింది.
నేను చూసేది కంపెనీ మూడు నెలలకోసారి (క్వార్టర్‌కోసారి) ఇచ్చే షేర్‌హోల్డింగ్ పట్టిక, అంటే ఎవరి దగ్గర ఎంత వాటా ఉందో చెప్పేది. క్వార్టర్ అయిన 21 రోజుల్లోపు ఇచ్చేయాల. వరసగా మూడు నాలుగు క్వార్టర్లు ఫండ్ల వాటా పెరుగుతా వస్తే అప్పుడు బ్యాలెన్స్ షీట్ తెరుస్తా. కానీ ప్రమోటర్, అంటే కంపెనీని చేతిలో పెట్టుకున్న అసలు యజమాని, అమ్ముకున్న షేర్లు ఫండ్లు కొన్నా ఆ అంకె పెరుగుతుంది. అందుకే ముందు ప్రమోటర్ వాటా ఎంతుంది, ఆ షేర్లు ప్లెడ్జ్ (తాకట్టు) ఏమన్నా పెట్టినారా అని చూడు.

పలమనేరు_ట్రేడర్:
బల్క్ డీల్స్ కూడా చూడండి. కంపెనీ షేర్లలో 0.5 శాతానికి మించి ఒకే క్లయింటు ఒక రోజులో కొన్నా, అమ్మినా పేరుతో సహా ఆ సాయంత్రమే బయటికి వస్తుంది. చిన్న కంపెనీల్లో మాత్రం జాగ్రత్త. ఒకే పేరు కొన్నవైపు, అమ్మినవైపు రెండింటా ఉంటుంది, చివరికి చేతిలో మిగిలేది దాదాపు సున్నా. టెలిగ్రామ్ గ్రూపుల్లో కొన్నవైపు ముక్క ఒక్కటే స్క్రీన్‌షాట్ తీసి పెడతారు. కడుపు మండుతుంది చూస్తే.

చిత్తూరు_మామిడి:
పెద్దోళ్లు అమ్మినారంటే కంపెనీ చెడిందని కాదు. మన అమరరాజానే చూడండి. 2023 జనవరిలో విదేశీ భాగస్వామి క్లారియోస్ తన దగ్గర మిగిలిన 14 శాతం అమ్మేసి వెళ్లిపోయింది. మా ఆఫీసులో చానామంది భయపడి అమ్మేసినారు. 2024 జూన్‌కి ధర రెండింతలు దాటింది. తర్వాత బాగా దిగింది, అది వేరే సంగతి. అమ్మేవాడు ఎందుకు అమ్ముతున్నాడో తెలుసుకోకుండా మనం ఎగబడి అమ్మకూడదు.

అలిపిరి_ఇన్వెస్టర్:
పట్టిక మన చేతికి వచ్చేసరికే ధర పెరిగిపోయి ఉంటుంది కదన్నా?

కరకంబాడి_రోడ్:
కొన్నిసార్లు అంతే. అట్లాంటప్పుడు వదిలేస్తా. పెద్ద ఫండు ఒక్క రోజులో కొనలేదు, నెలల తరబడి కొంటుంది. కాబట్టి మనకు టైముంటుంది. మ్యూచువల్ ఫండ్ల పోర్ట్‌ఫోలియో (వాళ్ల దగ్గరున్న షేర్ల జాబితా) నెల ముగిసిన 10 రోజుల్లో వస్తుంది, అది ఇంకా ముందే తెలుస్తుంది. విదేశీ డబ్బు ఏ రంగంలోకి పోతోందో షేర్లను డీమ్యాట్‌లో దాచే సంస్థ ఎన్‌ఎస్‌డీఎల్ సైట్‌లో పదిహేను రోజులకోసారి పెడతారు.

అలిపిరి_ఇన్వెస్టర్:
మంచిదన్నా. నా దగ్గరున్న షేర్లకు పోయిన నాలుగు క్వార్టర్ల పట్టికలు తీసి, ప్రమోటర్ వాటా నుంచి మొదలుపెడతా.